పేరు, ఊరు, తేదీ

రైల్వే రిజర్వేషన్ ఫారం పల్చటి చిన్న కాగితం. పైన బండి నంబరు, ప్రయాణం తేదీ, తరగతి, ఎక్కే స్టేషను, దిగే స్టేషను. మధ్యలో ఆరుగురికి మించకుండా పేర్లు, ఆడో మగో, వయసు, కింది బెర్తు కావాలా పై బెర్తు కావాలా. ప్రయాణికుల్లో డాక్టరు ఉంటే ఆ సంగతి చెప్పడానికి కూడా ఒక గడి ఉంటుంది. చివర సంతకం, చిరునామా. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో సెక్టర్ 4 లాంటి చోట, సంక్రాంతికో పెళ్లికో ఊరెళ్లాలనుకునే తెలుగు ఇంట్లో ఈ కాగితం నింపడం బడికెళ్లే పిల్లల వంతు. నాన్న డ్యూటీ దిగి వచ్చి బండి పేరు చెబుతాడు. అమ్మ అందరి వయసులూ లెక్కగడుతుంది. పిల్ల ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసుకుంటూ పోతుంది. పక్క క్వార్టరు పిన్నిగారు కూడా ఫారం పట్టుకుని అదే పిల్ల దగ్గరికి వస్తుంది.

ఆ పిల్లకు తెలియకపోవచ్చు గానీ, అది ఒక వృత్తిలో మొదటి పాఠం. ట్రావెల్ ఆఫీసులోనో, హోటల్ రిసెప్షన్‌లోనో, యాత్రలు నడిపే సంస్థలోనో కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది దాదాపు ఇదే. ఎదుటి మనిషి చెప్పేది పూర్తిగా వినాలి. పేరు తప్పు లేకుండా రాయాలి. తేదీ రెండోసారి అడిగి ఖాయం చేసుకోవాలి. టైంటేబుల్ చదవడం రావాలి, చార్జీ లెక్కగట్టడం రావాలి, చిల్లర సరిగ్గా తిరిగివ్వాలి. ఎంతమందిని వెంటబెట్టుకుని వెళ్లారో అంతమందినీ ఇంటికి చేర్చాలి. వీటికి ఇప్పుడు నైపుణ్యాలని పేరు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తున్నారు. పనులు మాత్రం పాతవి. వాటి చరిత్రలో తెలుగువాళ్ల పాలు కూడా గట్టిదే.

భిలాయి కథ నుంచే మొదలుపెట్టవచ్చు. 1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం, సోవియట్ యూనియన్ ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. వరి పొలాల మధ్య వరసగా సెక్టర్లు వెలిశాయి. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చినవాళ్లు పర్మనెంటు ఉద్యోగాల్లో కొందరు, కాంట్రాక్టు కూలిపనుల్లో కొందరు కుదురుకున్నారు. ఎవరి దేవుణ్ణి వాళ్లు వెంట తెచ్చుకున్నారు. సెక్టర్ 4లో జగన్నాథుడి గుడి ఉంది, ఏటా ఆషాఢంలో అక్కణ్ణుంచి రథం సెక్టర్ 10 దాకా వెళుతుంది. పక్కన సెక్టర్ 5లో బాలాజీ గుడి ఉంది. ఊరికి వెళ్లి రావడం ఇక్కడ ఏ ఒక్కరి అవసరమో కాదు, నగరమంతటి అవసరం.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లకు దారి అంతకుముందే సిద్ధమై ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో పట్టాలు వేసింది. కొండలు, లోయలు దాటుకుని రాయపూర్ దాకా ఆ దారి పూర్తయ్యేసరికి 1931 వచ్చింది. రెండేళ్లకు, 1933లో విశాఖ రేవు మొదలైంది. మధ్య పరగణాల సరుకు సముద్రానికి చేరాలని వేసిన దారి అది. పాతికేళ్లు తిరిగేసరికి అదే దారిన మనుషులు ఎదురు దిక్కుకు, ఉక్కు పనికి, వచ్చారు. మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం: ఈ స్టేషన్ల పేర్లు భిలాయి తెలుగు ఇళ్లలో పిల్లలకు ఎక్కాల్లా నోటికి వస్తాయి. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1960లో భిలాయి కర్మాగారంలోని మిల్లు రైలు పట్టాల తయారీ మొదలుపెట్టింది. దేశంలో రైళ్లు పరుగులు తీసే పట్టాల్లో చాలా భాగం భిలాయివే.

సోవియట్ నిపుణులు వందల సంఖ్యలో ఈ ఊళ్లో ఏళ్ల తరబడి ఉన్నారు. 1960 ఫిబ్రవరిలో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ స్వయంగా వచ్చి కర్మాగారం చూశాడు. పల్లెటూరి నేల మీద అంతమంది విదేశీ అతిథులకు గది చూపించాలి, తిండి ఏర్పాటు చేయాలి, కారు పంపాలి, అన్నిటికంటే ముందు ఒకరి మాట ఇంకొకరికి చేరవేయాలి. రష్యన్‌కూ ఇంగ్లీషుకూ హిందీకీ మధ్య నిలబడిన దుబాసీలు లేకపోతే ఫర్నేస్ దగ్గర పని ఒక్క గంట కూడా సాగేది కాదు.

దుబాసీ అనగానే తెలుగువాళ్లకు గుర్తుకు రావలసిన పేరు ఒకటుంది. ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీయాత్రకు బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. వెంట దాదాపు వందమంది. గుడారాలు, పల్లకీ బోయీలు, కావలివాళ్లు, వంటవాళ్లు. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంబడి వెనక్కి వచ్చాడు. దారిలో చూసిందల్లా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు ఉత్తరాలుగా రాస్తూ వచ్చాడు. వాటినే శ్రీనివాస పిళ్లె 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించాడు. అప్పటికి వీరాస్వామయ్య కాలం చేసి రెండేళ్లయింది.

ఆ పుస్తకాన్ని యాత్రాసాహిత్యంగానే చదవడం మనకు అలవాటు. పని నేర్చుకునేవాడి కళ్లతో చదివితే అందులో మరో పుస్తకం కనిపిస్తుంది. ఏ ఊరికి ఎంత దూరం, మజిలీకి నీడ ఉందా, నీళ్లు మంచివేనా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, వాగు దాటడానికి ఎవరి సాయం కావాలి, ఎక్కడ సుంకం అడుగుతారు, ఏ ఊళ్లో ఎవరితో ఏ భాషలో మాట్లాడాలి. వీరాస్వామయ్య అన్నీ రాశాడు. వందమందిని వేల మైళ్లు నడిపించి తీసుకురావడానికి భక్తి ఒక్కటే చాలదు. రేపటి మజిలీ గురించి ఇవాళే విచారించే అలవాటు ఉండాలి. కోర్టులో రెండు భాషల మధ్య, సాక్షి చెప్పిన మాటను మార్చకుండా చెప్పిన మనిషి కాబట్టే దారిలో విన్నదాన్ని కూడా అంత నిక్కచ్చిగా రాయగలిగాడనిపిస్తుంది. టూర్ మేనేజర్ అన్న మాట పుట్టక ముందే ఆ పని ఎలా చేయాలో తెలుగులో రాసి పెట్టిన పుస్తకం అది. పర్యాటక శిక్షణ తరగతుల్లో దాన్ని పాఠంగా పెట్టకపోవడం నిజంగా నష్టం.

కాశీ, గయ, ప్రయాగల్లో ఇంకో రకం పనివాళ్లు ఉంటారు. పండాలు. వాళ్ల దగ్గర పొడుగాటి చిట్టాలుంటాయి. వచ్చిన యాత్రికుడి పేరు, ఊరు, వంశం, వచ్చిన తేదీ అందులో ఎక్కుతాయి. కొడుకో మనవడో యాభై ఏళ్ల తర్వాత వచ్చి ఊరి పేరు చెబితే చాలు, పండా చిట్టా తిరగేసి తాతగారి సంతకం చూపిస్తాడు. ఆ క్షణంలో కళ్లనీళ్లు పెట్టుకోని మనిషి అరుదు. వచ్చినవాణ్ణి గుర్తుపెట్టుకోవడం మన సత్రాల్లో కూడా ఉన్న మర్యాదే. సత్రం గుమాస్తా ముందుగా అడిగేది ఊరు, పేరు, ఎంతమంది, ఎన్నాళ్లు. హోటల్ రిసెప్షన్‌లో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి ఇవాళ అడిగేవీ అవే నాలుగు.

రైలు రావడంతో ఈ పని కౌంటరు దగ్గరికి చేరింది. ఇంగ్లండులో మొదట్లో టికెట్టును కూడా చేత్తో రాసిచ్చేవారు. పేరు, ఊరు, డబ్బు రాసేసరికి వెనక వరస పెరిగిపోయేది. థామస్ ఎడ్మండ్‌సన్ అనే మనిషి, వడ్రంగి వ్యాపారంలో దివాలా తీసి, న్యూకాజిల్–కార్లైల్ దారిలో ఒక చిన్న స్టేషన్లో గుమాస్తాగా చేరాడు. చేత్తో రాసే తిప్పలు తప్పించడానికి అట్టముక్కల మీద ఊరి పేరు, వరస నంబరు ముందే అచ్చువేసి పెట్టుకునే పద్ధతి కనిపెట్టాడు. రెండుంపావు అంగుళాల అట్ట. అమ్మేటప్పుడు చిన్న యంత్రంలో దూర్చి తీస్తే తేదీ పడుతుంది. రోజు చివర అరలో మిగిలిన టికెట్టు నంబరు చూస్తే ఎన్ని అమ్ముడుపోయాయో, పెట్టెలో ఎంత డబ్బు ఉండాలో తెలిసిపోతుంది. మన స్టేషన్లలో నూటయాభై ఏళ్లు రాజ్యమేలిన ఆ అట్ట టికెట్టును, దాని మీద తేదీ పడేటప్పటి టక్కుమన్న చప్పుడును నడివయసు పాఠకులు మరచిపోయి ఉండరు.

బుకింగ్ క్లర్కు పనిలో కష్టం అట్టలతో తీరలేదు. మూడో తరగతి ప్రయాణికుల్లో చాలామందికి చదువు రాదు. చెప్పిన ఊరికే టికెట్టు ఇచ్చాడో లేదో, చిల్లర సరిగ్గా ఇచ్చాడో లేదో వాళ్లు చూసుకోలేరు. గాంధీజీ 1917లో మూడో తరగతి ప్రయాణాల మీద ఒక చిన్న పుస్తకమే రాశారు. రద్దీ, మురికి, ప్రయాణికుణ్ణి మనిషిగా చూడకపోవడం ఆయన్ను బాధించాయి. కౌంటరుకు ఇవతల నిలబడ్డవాడికి చదువు రాకపోతే అవతల కూర్చున్నవాడి బాధ్యత రెండింతలవుతుంది. ఇచ్చిన టికెట్టు చదివి వినిపించడం, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టడం నేడు మర్యాదలుగా నేర్పిస్తున్నారు. ఆ రోజుల్లో అవి న్యాయం కిందికి వచ్చే విషయాలు.

టైము చదవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. దేశానికంతటికీ ఒకే టైము 1906 జనవరి 1న వచ్చింది. అంతకుముందు ఊరికో గడియారం. రైళ్లు మాత్రం మద్రాసు వేధశాల లెక్కన, మద్రాసు టైము ప్రకారం నడిచేవి. అది ఇప్పటి టైముకు దాదాపు 9 నిమిషాలు వెనక. ఇప్పటి టైముకు కొలమానమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఛత్తీస్‌గఢ్ మీదుగా, ఒడిశా మీదుగా ఆంధ్రదేశంలోకి దిగుతుంది. భిలాయి నుంచి ఊరికి వెళ్లే తెలుగువాడు ఆ గీతకు అటూ ఇటూగానే ప్రయాణిస్తాడు.

రైలు టైంటేబుల్లో 24 గంటల లెక్క ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. 00:20కి బయల్దేరే బండి ఉందనుకుందాం. ఇంట్లో అందరూ "శనివారం రాత్రి బండి" అంటారు. అన్నం తిని, తలుపులకు తాళాలేసి, పదకొండింటికి స్టేషను చేరతారు. కానీ అర్ధరాత్రి దాటగానే తేదీ మారిపోతుంది, టికెట్టు ఆదివారానిది తీసుకోవాలి. శనివారం తేదీ వేసి ఇచ్చేస్తే ఆ బండి అంతకు ముందు రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. పిల్లలు, ముసలివాళ్లు, పచ్చడి జాడీలు, బియ్యం మూటలతో ప్లాట్‌ఫారం మీద నిలబడిన కుటుంబానికి టీటీఈ ఆ మాట చెప్పే దృశ్యం చూసినవాళ్లెవరూ మరచిపోరు. అనుభవం ఉన్న క్లర్కు అందుకే తేదీ మాత్రమే అడగడు, "శనివారం రాత్రి అన్నం తిన్నాక ఎక్కే బండేనా?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నలో వృత్తి అంతా ఉంది.

జనాన్ని వెంటబెట్టుకుని వెళ్లే పనిలోకి కూడా రైలు వచ్చింది. ఇంగ్లండులో 1841 జూలై 5న థామస్ కుక్ లీస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని మద్యపాన వ్యతిరేక సభకు రైల్లో తీసుకెళ్లాడు. తలకు ఒక షిల్లింగు. రైలు కంపెనీతో బేరమాడింది అతనే, టికెట్లు అమ్మింది అతనే, వెంట వెళ్లింది అతనే. 1881లో ఆ కంపెనీ బొంబాయిలో ఆఫీసు తెరిచింది. ప్రపంచంలో యాత్రల వ్యాపారం మొదలైంది ఆ 1841 ప్రయాణంతోనేనని పుస్తకాలు చెబుతాయి. వ్యాపారం సంగతి నిజమే కావచ్చు. పని మాత్రం అంతకు పదేళ్ల ముందే మద్రాసు నుంచి కాశీ దాకా నడిచి వచ్చింది.

బెర్తుల రిజర్వేషను కంప్యూటర్లోకి ఎక్కకముందు లావుపాటి రిజిస్టర్లలో ఉండేది. బండికీ తేదీకీ ఒక్కో పేజీ. క్లర్కు పేరు రాసి, బెర్తు నంబరు వేసి, టికెట్టు వెనక అదే నంబరు రాసిచ్చేవాడు. దారిలోని స్టేషన్లకు కోటాలుండేవి. తిరుగు ప్రయాణానికి టెలిగ్రాం పోవాలి, జవాబు రావాలి. ఊరెళ్లినవాళ్లకు సెలవు ఎప్పటికి అయిపోతుందో తెలుసు, తిరిగి రావడానికి బెర్తు ఉందో లేదో తెలియదు. అమెరికాలో విమానాల వాళ్ల పరిస్థితి కూడా ఇంతకన్నా మెరుగు కాదు. 1950ల్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆఫీసులో గుండ్రంగా తిరిగే కార్డుల బల్ల చుట్టూ ఎనిమిది మంది గుమాస్తాలు కూర్చుని సీట్లు వెతికేవారు. ఒక్క బుకింగ్ పూర్తికావడానికి సగటున గంటన్నర పట్టేదట. ఆ కంపెనీ ఐబీఎంతో కలిసి తయారుచేసిన సేబర్ వ్యవస్థ 1964 నాటికి పూర్తిగా పనిలోకి దిగింది.

మన దగ్గర 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషను మొదలైంది. సాఫ్ట్‌వేర్ చేసింది సీఎంసీ అనే ప్రభుత్వ సంస్థ. తర్వాతి మెట్టు, నగరాల కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే కన్సర్ట్ అనే వ్యవస్థ, ముందుగా సికింద్రాబాదులో 1994లో పనిచేయడం మొదలుపెట్టింది. 1999కి దేశంలోని కేంద్రాలన్నీ ఒక్కటయ్యాయి. ఆ సంవత్సరమే ఐఆర్‌సీటీసీ పుట్టింది. 2002 ఆగస్టు 3 నుంచి ఇంట్లో కూర్చుని టికెట్టు కొనే వీలు వచ్చింది. భిలాయిలాంటి వలస ఊరికి ఈ మార్పు ఎంత పెద్దదో బయటివాళ్లకు ఊహకందదు. విజయనగరంలో ఎక్కే తిరుగు టికెట్టు బయల్దేరకముందే చేతికి వచ్చింది.

కంప్యూటరు వచ్చాక పేరు రాయడం సులువు కాలేదు, మరింత కఠినమైంది. తెలుగువాడికి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పొట్టి అక్షరంగా మిగిలిన ఇంటిపేరు ఒక చోట, పూర్తిగా విప్పిన ఇంటిపేరు ఇంకో చోట. వెంకట సత్యనారాయణ అని పెట్టిన పేరు గడుల్లో ఇమడదు. హిందీ ప్రాంతంలో పుట్టిన క్లర్కు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాడు. రైల్లో ఇంటిపేరు అటూ ఇటూ అయితే టీటీఈ సర్దుకుపోవచ్చు గానీ, విమానం టికెట్టులో పాస్‌పోర్టుతో పేరు కలవకపోతే గేటు దాటనివ్వరు. విమాన బుకింగ్ తెరల మీద ఇంటిపేరు ముందు, ఒక గీత, తర్వాత సొంతపేరు వస్తాయి. అంటే మన తాతల నాటి వరసే. సెక్టర్ 4లో పెరిగి ట్రావెల్ ఆఫీసులో చేరిన తెలుగు పిల్లకు ఈ చిక్కు పుస్తకం చెప్పనక్కర్లేదు. బడి రికార్డులో తన పేరును సరిచేయించుకోవడానికి తిరిగిన రోజులే ఆమెకు శిక్షణ.

కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో హునర్ సే రోజ్‌గార్ తక్ పథకం తెచ్చింది. ఎనిమిదో తరగతి చదివిన యువతకు వంట పని ఎనిమిది వారాలు, వడ్డన పని ఆరు వారాలు, ఉచితంగా. మంచి పథకమే. అయితే ఆరు వారాల్లో చెయ్యి తిరగడం వేరు, దారి తెలియడం వేరు. పటం చూడటం, స్టేషన్ల వరస, పండగల క్యాలెండరు, నాలుగు భాషల్లో ఊరడింపు మాట: ఇవి తరగతి గదికి బయట వస్తాయి. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా ఒకే వీధిలో వినిపించే భిలాయి సెక్టర్లలో పెరిగిన పిల్లలు ఆ సగం చదువు ఊరికే నేర్చేసుకున్నారు. ఇంటర్వ్యూలో వాళ్లను ఇంగ్లీషు ఎంత వచ్చని అడుగుతారు గానీ ఒడియా వచ్చా అని అడగరు. అడగాలి. పూరీకి వెళ్లే తెలుగు యాత్రికులకు కావలసింది ఆ పిల్లలే.

2023 మార్చి 18న సికింద్రాబాదు నుంచి మొదటి భారత్ గౌరవ్ యాత్రా రైలు పూరీ, కాశీ, అయోధ్య దారిలో బయల్దేరింది. విజయవాడ, రాజమండ్రి, విజయనగరంలో కూడా జనం ఎక్కారు. వీరాస్వామయ్య పదిహేను నెలలు తిరిగిన దారిలో కొంత భాగం తొమ్మిది రోజుల్లో పూర్తయింది. ఇలాంటి యాత్రల్లో ప్రతి మజిలీ దగ్గర చేతిలో జాబితాతో తలలు లెక్కపెట్టే మనిషి ఒకరు కచ్చితంగా ఉంటారు. గుడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒక ముసలావిడ చెప్పుల దగ్గర ఆగిపోతే బస్సు ఆపించేది అతనే.

2024 సెప్టెంబరు 16న దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ మొదలైంది. తెల్లవారుజామున దుర్గ్‌లో ఎక్కితే మధ్యాహ్నానికి విశాఖ. అదే ఏడు నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషను గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. సంక్రాంతికి జనవరి 12న బయల్దేరాలంటే, ప్రయాణం రోజు వదిలేసి వెనక్కి లెక్కపెట్టాలి. నవంబరు 13, ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. సెక్టర్ 4లో ఆ పొద్దున ఫోను పట్టుకుని కూర్చున్న పిల్ల దగ్గర ఇంట్లోవాళ్ల పేర్లు, వయసులు, ఆధార్ కార్డులు ముందు రాత్రే వరసగా పెట్టి ఉంటాయి. పక్క క్వార్టరు పిన్నిగారివి కూడా.